తాళం వేసిన ఫోన్ ఎంతసేపు ఆగుతుంది? ఐఫోన్, పిక్సెల్, శాంసంగ్, పదివేల లోపు ఫోన్ల లాక్ రివ్యూ

నల్గొండ క్లాక్ టవర్ దగ్గరైనా, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరైనా ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎంత, బ్యాటరీ ఎంత, ర్యామ్ ఎంత అని అడుగుతాం. లాక్ సంగతి ఎవరూ అడగరు. అడిగినా "ఫింగర్ ఉంది, ఫేస్ ఉంది అన్నా" అనే జవాబుతో ముచ్చట అయిపోతుంది. ఈ రివ్యూ ఆ లాక్ గురించే. ఫోన్ మన చేయి దాటి ఠాణా టేబుల్ మీదికో, దొంగ జేబులోకో, రిపేర్ షాపు డ్రాయర్‌లోకో చేరాక లోపలి ఫొటోలు, చాట్లు, బ్యాంకు మెసేజ్‌లు ఎంతసేపు ఆగుతాయన్నదే ఇక్కడ కొలత.

లాక్ బలం ఫోన్ ధర మీద కన్నా రెండు సంగతుల మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. పిన్‌లో ఎన్ని అంకెలున్నాయి? ఫోన్ రీస్టార్ట్ అయ్యాక దాన్ని ఒక్కసారైనా తెరిచారా, లేదా? ఈ రెండూ సరిగ్గా ఉంటే మధ్యరకం ఫోన్ కూడా బాగా ఆగుతుంది. ఈ రెండూ తప్పితే లక్ష పెట్టి కొన్న ఫోన్ కూడా చాలా చోట్ల చేతులెత్తేస్తుంది.

రెండోది చాలామందికి తెలియని సంగతి, కాబట్టి ముందు దాన్నే చూద్దాం. ఫోన్ ఆగి మళ్లీ ఆన్ అయినప్పుడు లోపలి డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. మనం కొట్టే పిన్, చిప్‌లో తయారీ రోజే కాల్చి పెట్టిన రహస్య సంఖ్య, ఈ రెండూ కలిస్తేనే దాన్ని విప్పే కీ తయారవుతుంది. ఒక్కసారి పిన్ కొట్టామంటే ఆ కీలలో చాలావరకు ఫోన్ మెమరీలోకి వచ్చి కూర్చుంటాయి. ఆ తర్వాత స్క్రీన్‌ను ఎన్నిసార్లు లాక్ చేసినా అవి అక్కడే ఉంటాయి, ఫోన్ మళ్లీ ఆగేదాకా. బయటి తలుపు వేసి ఉంటుంది గానీ తాళంచెవి ఇంట్లోనే మేకుకు వేలాడుతుంటుంది. ఫోరెన్సిక్ వాళ్లు మొదటి స్థితిని బీఎఫ్‌యూ అంటారు, అంటే మొదటిసారి తెరవకముందు. రెండోదాన్ని ఏఎఫ్‌యూ అంటారు, అంటే తెరిచిన తర్వాత. మన జేబులో ఉన్న ఫోన్ దాదాపు ఎప్పుడూ రెండో స్థితిలోనే ఉంటుంది.

తేడా కళ్లతో చూడాలంటే ఫోన్‌ను రీస్టార్ట్ చేసి, పిన్ కొట్టకుండా అలాగే పక్కన పెట్టండి. ఇంట్లో ఇంకో ఫోన్ నుంచి దానికి కాల్ చేయండి. "అమ్మ" అని రావాల్సిన చోట ఉత్త పది అంకెల నంబరు కనిపిస్తుంది. కాంటాక్ట్స్ ఫైలే ఇంకా తెరుచుకోలేదు, పేరు ఎక్కడి నుంచి వస్తుంది? వాట్సాప్ కాల్ చేస్తే అసలు మోగదు. పిన్ కొట్టాక మళ్లీ చేసి చూడండి, పేరు వస్తుంది. ఆ పేరుకూ ఆ నంబరుకూ మధ్య ఉన్నదే ఈ రివ్యూ మొత్తం.

పోలీసుల దగ్గర, ఫోరెన్సిక్ ల్యాబుల్లో వాడే పరికరాల్లో ఇజ్రాయెల్ కంపెనీ సెలబ్రైట్‌ది ఎక్కువగా వినిపించే పేరు. అమెరికాలో పుట్టిన గ్రేకీ, స్వీడన్ నుంచి వచ్చే ఎక్స్‌ఆర్‌వై కూడా ఉన్నాయి. వీటిలో మంత్రం ఏమీ లేదు. ఫోన్ సాఫ్ట్‌వేర్‌లో, ఎక్కువగా యూఎస్‌బీ దారిలో, కంపెనీ ఇంకా పూడ్చని కన్నం ఒకటి వెతికి పట్టుకుని లోపలికి దిగుతాయి. ఏఎఫ్‌యూ స్థితిలో కన్నం దొరికితే పిన్ తెలియకుండానే చాలా డేటా లాగేస్తాయి. బీఎఫ్‌యూలో మాత్రం పిన్‌ను ఒక్కొక్కటిగా ఊహించి కొట్టక తప్పదు. సెలబ్రైట్ సొంత పత్రాలు 2024లో బయటికొచ్చినప్పుడు, అప్పటికి కొత్తదైన ఐఓఎస్ 17.4, ఆ పై వెర్షన్లు నడిచే లాక్ అయిన ఐఫోన్ల దగ్గర "పరిశోధనలో ఉంది" అని రాసి ఉంది. అంటే మోడల్, అప్‌డేట్ తేదీ, ఫోన్ స్థితి, ఈ మూడు చూసి గానీ "తెరుచుకుంటుంది" అనో "తెరుచుకోదు" అనో ఎవరూ చెప్పలేరు.

ఇక పిన్. ఆపిల్ తన సెక్యూరిటీ గైడ్‌లోనే రాసింది: ఒక్కో ప్రయత్నానికి సుమారు 80 మిల్లీసెకన్లు పట్టేలా చిప్‌లో లెక్క కట్టారు. మామూలుగానైతే కొన్ని తప్పుల తర్వాత చిప్ నిమిషాలు, గంటలు ఆగమంటుంది. ఆ ఆగడాన్ని దాటే కన్నం పరికరానికి దొరికిందే అనుకుందాం. 4 అంకెల పిన్‌లో 10,000 అవకాశాలున్నాయి, అన్నీ కొట్టడానికి 13 నిమిషాలు. 6 అంకెలకు 22 గంటలు. 8 అంకెలకు 92 రోజులు. 10 అంకెలకు 25 ఏళ్లు. రెండేసి అంకెలు పెరిగినప్పుడల్లా సమయం నూరు రెట్లవుతుంది. ఆండ్రాయిడ్ చిప్పుల్లో మిల్లీసెకన్ల లెక్క వేరుగా ఉంటుంది గానీ ఈ నూరు రెట్ల నిష్పత్తి మారదు.

ఈ లెక్కంతా అంకెలు ఊహకు అందకుండా ఉన్నప్పుడే. ఎనిమిదంకెలు కదా అని పుట్టిన తేదీ పెడితే కథ మారిపోతుంది. నూరేళ్లలో ఉన్న తేదీలు 36,525 మాత్రమే. అవన్నీ కొట్టడానికి 49 నిమిషాలు చాలు. పది అంకెలు కదా అని ఇంట్లోవాళ్ల మొబైల్ నంబరు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఆ నంబరు కాల్ రికార్డుల్లో మొదటి వరసలోనే ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించేది బండి నంబరు. టీఎస్ 05 అయినా, టీఎస్ 06 అయినా, ఇప్పటి టీజీ అయినా, చివరి నాలుగంకెలే ఫోన్ పిన్. ఆ బండి ఠాణా ముందే స్టాండ్ వేసి ఉంటుంది, నంబరు ప్లేటు మీద పిన్ రాసి ఉంటుంది.

ప్యాటర్న్ సంగతి అంతకంటే అధ్వానం. తొమ్మిది చుక్కల మీద గీయగల ప్యాటర్న్లు మొత్తం 3,89,112. వినడానికి బాగానే ఉంది. కానీ నాలుగు చుక్కలతో గీసేవి 1,624 మాత్రమే, అంటే నాలుగంకెల పిన్ కన్నా బలహీనం. పైగా గాజు మీద వేలి జిడ్డు ఉంటుంది. ఫోన్‌ను ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టి చూస్తే ఎల్ ఆకారమో, జెడ్ ఆకారమో గీత మెరుస్తూ కనిపిస్తుంది. అయినా పల్లెల్లో చాలామంది ప్యాటర్న్‌నే వాడటానికి ఒక న్యాయమైన కారణం ఉంది. పత్తి ఏరే వేళ్లు, మగ్గం మీద పనిచేసే వేళ్లు అరిగిపోయి సెన్సార్‌కు అందవు. రేషన్ షాపు మిషన్ మీద పడని ముద్ర ఫోన్ మీద మాత్రం ఎలా పడుతుంది? అలాంటివాళ్లు అన్ని వేళ్లూ మార్చి మార్చి చూసి విసుగెత్తి గీత దగ్గరికి వస్తారు. వాళ్లకు మా సలహా ఆరంకెల పిన్. చదువు రాకపోయినా అంకెలు కొట్టడం అలవాటే, కాల్ చేయడం లాంటిదే.

ఇప్పుడు ఫోన్లవారీగా.

లాక్ విషయంలో మా మొదటి మార్కు ఐఫోన్‌కే, ఒక షరతుతో. పిన్‌ను కాపాడే సెక్యూర్ ఎన్‌క్లేవ్ అనే వేరే భాగం 2013లో వచ్చిన 5ఎస్ నుంచి ఉంది. 2015 డిసెంబరులో అమెరికాలోని శాన్ బెర్నార్డినో కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ చేతికి చిక్కిన ఫోన్ 5సీ. అందులో ఆ భాగం లేదు. ఆపిల్ తోడ్పడాలని ఎఫ్‌బీఐ కోర్టుకు పోయి, 2016 మార్చిలో బయటివాళ్ల సాయంతో తెరిచాక పిటిషన్ వెనక్కి తీసుకుంది. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తిరిగే ఐఫోన్ 8, ఐఫోన్ ఎక్స్‌లో ఆ భాగం ఉంది గానీ ఇంకో లోపం ఉంది. ఎక్స్ దాకా వచ్చిన చిప్పుల్లో ఫోన్ మొదలయ్యే దశలోనే ఒక కన్నం ఉందని 2019లో బయటపడింది, దాని పేరు చెక్‌మేట్. ఆ కోడ్ చిప్‌లోనే కాల్చి ఉంటుంది కాబట్టి ఏ అప్‌డేటూ దాన్ని పూడ్చలేదు. దాంతో పిన్ తెలిసిపోదు, కానీ లోపలికి దిగే దారి ఎప్పటికీ తెరిచే ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎస్ లేదా ఆ తర్వాతవే తీసుకోండి. రెండు వేలు తక్కువని ఎక్స్ కొనకండి.

ఐఫోన్‌కు మార్కులు తెచ్చిపెట్టిన అసలు ఫీచర్ 2024 అక్టోబరులో ఐఓఎస్ 18.1తో వచ్చింది. మూడు రోజులు వరసగా ఎవరూ తెరవకపోతే ఫోన్ దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది, అంటే ఏఎఫ్‌యూ నుంచి బీఎఫ్‌యూకు జారిపోతుంది. సీజ్ అయిన ఫోన్‌ను ఛార్జింగ్‌లో పెట్టి ఉంచడం ఫోరెన్సిక్ పద్ధతిలో ఒక భాగం. దాన్ని సిగ్నల్ అందని సంచిలో వేసి, దూరం నుంచి ఎవరూ డేటా చెరిపేయకుండా కాపాడతారు. కానీ ఈ గడియారానికి సిగ్నల్‌తో పని లేదు. నల్గొండ నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్‌కు దారి రెండు మూడు గంటలే. పంచనామా, కోర్టు మెమో, లెటర్, వంతు, ఇవన్నీ మూడు రోజుల్లో కదలాలి. అప్పుడే ఆ ఫోన్ ఏఎఫ్‌యూలో ల్యాబ్ టేబుల్ ఎక్కుతుంది.

2018 నాటి ఐఓఎస్ 11.4.1 నుంచి లాక్ అయిన గంట తర్వాత కేబుల్ దారిని మూసేసే ఏర్పాటు కూడా ఉంది. ఐఓఎస్ 18 దాకా అయితే ఫేస్ ఐడీ పాస్‌కోడ్ పేజీలో "యాక్సెసరీస్" ఆఫ్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. కార్ స్టీరియో కనెక్ట్ కాలేదని ఎప్పుడో ఆన్ చేసి మరిచిపోయినవాళ్లు చాలామంది. అదే పేజీలో చేంజ్ పాస్‌కోడ్ నొక్కి, కొత్త కోడ్ అడిగే చోట పాస్‌కోడ్ ఆప్షన్స్ తాకితే కస్టమ్ న్యూమరిక్ కోడ్ వస్తుంది. అక్కడ 8 లేదా 10 అంకెలు పెట్టండి.

పిక్సెల్ లాక్ ఐఫోన్‌కు సరిజోడి. 2021లో పిక్సెల్ 6 నుంచి టైటాన్ ఎం2 అనే విడి సెక్యూరిటీ చిప్ ఉంది. ఫోన్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి గ్రాఫీన్ ఓఎస్ అనే వేరే ఆండ్రాయిడ్ వేసుకునేవాళ్లకు ఇంకా గట్టిది దొరుకుతుంది: మూడు రోజులు కాదు, 18 గంటలు తెరవకపోతేనే రీస్టార్ట్ అవుతుంది, లాక్‌లో ఉన్నప్పుడు కేబుల్ డేటాను కట్ చేస్తుంది. కొన్ని బ్యాంకు యాప్‌లు అందులో నడవవు, అది ముందే తెలుసుకుని వేసుకోండి. సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కూడా కొనే ముందే కనుక్కోండి, డిస్‌ప్లే పగిలినప్పుడు పట్నం బస్సు ఎక్కాల్సి రావచ్చు.

మా జిల్లాల్లో ఎక్కువమందికి మేం చెప్పేది శాంసంగ్. ఎస్21 నుంచి పెద్ద ఫోన్లలో నాక్స్ వాల్ట్ ఉంది. 2024లో వచ్చిన ఏ35, ఏ55లో కూడా పెట్టారు. మధ్యతరగతి ధరలో విడి సెక్యూరిటీ భాగం దొరకడం నిజంగా మెచ్చుకోవాల్సిన సంగతి. లాక్‌డౌన్ అనే బటన్ కూడా ఉంది, అయితే మొదట అది దాగి ఉంటుంది. సెట్టింగ్స్, లాక్ స్క్రీన్, సెక్యూర్ లాక్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి "షో లాక్‌డౌన్ ఆప్షన్" ఆన్ చేయాలి. ఆ తర్వాత వాల్యూమ్ తగ్గించే బటన్, పక్క బటన్ కలిపి నొక్కి పట్టుకుంటే పవర్ మెనూలో లాక్‌డౌన్ కనిపిస్తుంది. అది తాకితే వేలు, మొహం రెండూ పనిచేయవు, పిన్ ఒక్కటే దారి. నోటిఫికేషన్లూ కనిపించవు. ఒక్క పక్క బటనే నొక్కి పట్టుకుంటే బిక్స్‌బీ లేదా జెమినీ అనే వాయిస్ అసిస్టెంట్ లేచి కూర్చుంటుంది, అవసరం పడిన చోట అదే ఇబ్బంది పెడుతుంది. పక్క బటన్ సెట్టింగ్‌లో దాన్ని పవర్ మెనూకు మార్చుకోండి.

ఒక జాగ్రత్త. లాక్‌డౌన్ వేలిని ఆపుతుంది గానీ ఫోన్‌ను బీఎఫ్‌యూలోకి తీసుకుపోదు, కీలు ఇంకా మెమరీలోనే ఉంటాయి. పూర్తి రక్షణ కావాలంటే స్విచ్ఛాఫ్ చేయాలి. ఐఫోన్‌లో కూడా అంతే: పక్క బటన్, వాల్యూమ్ బటన్ రెండు సెకన్లు కలిపి పట్టుకుంటే పవర్ ఆఫ్ స్లైడర్ వచ్చి ఫేస్ ఐడీ ఆగుతుంది, ఆ స్లైడర్‌ను లాగితేనే ఫోన్ నిజంగా మూతపడుతుంది.

శాంసంగ్ డివైస్ కేర్‌లో ఆటో ఆప్టిమైజేషన్ కింద ఆటో రీస్టార్ట్ ఉంది. వారంలో రోజులు, గంట ఎంచుకోవచ్చు. స్క్రీన్ ఆఫ్‌లో ఉండాలి, బ్యాటరీ 30 శాతం దాటి ఉండాలి, సిమ్ లాక్ ఉండకూడదు. ఈ మూడోది చాలామందిని తికమక పెడుతుంది: సిమ్‌కు పిన్ పెట్టుకున్న ఫోన్ చెప్పిన గంటకు రీస్టార్ట్ అవదు, ఎందుకో తెలియదు. చాలా రెడ్‌మి, రియల్‌మీ ఫోన్లలో దీనికి బదులు షెడ్యూల్ పవర్ ఆన్, ఆఫ్ ఉంటుంది. రాత్రి రెండింటికి ఆఫ్, అయిదింటికి ఆన్ అని పెట్టుకోవచ్చు. ఒక ఇబ్బంది ఉంది: తెల్లవారి పిన్ కొట్టేదాకా వాట్సాప్ కాల్ మోగదు. కొడుకు ముంబైలోనో దుబాయ్‌లోనో ఉండి తెల్లారకముందే వాట్సాప్ చేసే ఇంట్లో, ముసలివాళ్ల ఫోన్లకు ఇది పెట్టకండి. ఫోన్ ఆన్ అయ్యాక మామూలు కాల్ మాత్రం మోగుతుంది.

గూగుల్ కూడా 2025 ఏప్రిల్‌లో ప్లే సర్వీసెస్ ద్వారా ఆ మూడు రోజుల రీస్టార్ట్‌ను ఆండ్రాయిడ్ ఫోన్లకు ఇవ్వడం మొదలుపెట్టింది. ఆండ్రాయిడ్ 16లో అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ అనే గట్టి భద్రతా సెట్టింగ్ ఆన్ చేసుకునే వీలుంటే చేసుకోండి.

పదివేల లోపు ఫోన్లకు మార్కులు తక్కువే. లోపం ఎన్‌క్రిప్షన్‌లో లేదు. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన ప్రతి ఫోన్‌లో అది తప్పనిసరి. ఇబ్బంది వేరే చోట్ల ఉంది. విడి సెక్యూరిటీ చిప్ ఉండదు. మొహంతో తెరుచుకోవడం ముందు కెమెరా ఫొటో మీదే నడుస్తుంది, చాలావాటికి మంచి ప్రింట్ ఫొటో చూపినా తెరుచుకుంటాయి. అన్నిటికన్నా పెద్దది, అప్‌డేట్లు తొందరగా ఆగిపోతాయి. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్ తాకితే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. అది ఏడాది దాటిందంటే ఆ తర్వాత పూడ్చిన ప్రతి కన్నమూ మీ ఫోన్‌లో తెరిచే ఉంది. సెర్బియాలో ఒక విద్యార్థి ఉద్యమకారుడి ఆండ్రాయిడ్ ఫోన్‌ను పోలీసులు సెలబ్రైట్‌తో తెరిచింది ఇలాంటి యూఎస్‌బీ కన్నంతోనే. ఆమ్నెస్టీ సంస్థ ఆ ఫోన్‌ను విప్పి చూసి చెప్పింది. గూగుల్ దానికి 2025 ఫిబ్రవరిలో ప్యాచ్ ఇచ్చింది. ఆ ప్యాచ్ అందని ఫోన్ల సంగతి ఆలోచించండి.

ఈ రకం ఫోన్లలో మెమరీ కార్డ్ ఇంకో తూటు. కెమెరా ఫొటోలు కార్డ్‌లో సేవ్ అయ్యేలా పెట్టుకుంటే, కార్డ్ పీకి చిన్న రీడర్‌లో పెడితే చాలు, పిన్‌తో పనే లేదు. మామూలుగా కార్డ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండదు. శాంసంగ్‌లో ఎన్‌క్రిప్ట్ ఎస్‌డీ కార్డ్ అనే ఆప్షన్ ఉంది. లేని ఫోన్‌లో ఫొటోలు లోపలి మెమరీలోకే మార్చుకోండి. సిమ్ కూడా అంతే: పీకి వేరే ఫోన్‌లో పెడితే ఓటీపీలన్నీ అక్కడికే పోతాయి. సిమ్ పిన్ పెట్టుకుంటే ఆగుతుంది. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే అడుగుతుంది, అది పదిసార్లు తప్పితే సిమ్ చచ్చిపోతుంది, కాబట్టి ఊహించి కొట్టకండి, కంపెనీని అడగండి.

ఫోన్ ఎంత గట్టిగా ఉన్నా చాట్లు పక్క దారిలో బయటికి పోవచ్చు. వాట్సాప్ బ్యాకప్ మామూలుగా గూగుల్ డ్రైవ్‌లోనో ఐక్లౌడ్‌లోనో ఉంటుంది. చాట్ బ్యాకప్ పేజీలో ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేయకపోతే, ఫోన్ ముట్టుకోకుండానే అకౌంట్ దారిలో దాన్ని తెప్పించుకునే వీలుంది. ఇది 2021 నుంచి ఉంది, మన దగ్గర వాడేవాళ్లు తక్కువ. ఆన్ చేసేటప్పుడు పెట్టే పాస్‌వర్డ్ మరిచిపోతే బ్యాకప్ పోయినట్టే, కాగితం మీద రాసి పట్టా కాగితాలతో పాటు పెట్టుకోండి. లింక్‌డ్ డివైసెస్ పేజీ కూడా చూడండి. జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ కోసం వాట్సాప్ వెబ్ తెరిచి లాగౌట్ చేయకుండా వచ్చిన కంప్యూటర్ అక్కడ కనిపిస్తుంది. చాట్లు అక్కడ కూడా తెరిచే ఉంటాయి.

2024 మార్చిలో పంజాగుట్ట ఠాణాలో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైనప్పటి నుంచి మన రాష్ట్రంలో ప్రైవసీ అంటే ట్యాపింగే గుర్తొస్తుంది. ట్యాపింగ్ వేరు. అది నెట్‌వర్క్‌లో పోయే కాల్‌ను మధ్యలో వినడం. ఫోన్ లాక్ దాన్ని ఆపదు, ఆ రెండింటినీ కలిపి చూడొద్దు.

రిపేర్ షాపుల గురించి ఒక్క మాట. డిస్‌ప్లే మార్చడానికి పిన్ అక్కర్లేదు. టెస్ట్ చేయాలంటే శాంసంగ్‌లో మెయింటెనెన్స్ మోడ్, పిక్సెల్‌లో రిపేర్ మోడ్ పెట్టి ఇవ్వండి, మీ ఫొటోలు కనిపించకుండా ఫోన్ ఖాళీగా తెరుచుకుంటుంది. "లాక్ తీస్తాం, డేటా పోదు" అనే మాట ఇప్పటి ఫోన్లకు నమ్మకండి. ఎన్‌క్రిప్షన్ లేని పాత ఆండ్రాయిడ్లలో లాక్ ఫైల్ ఒక్కటి చెరిపితే తెరుచుకునేది, ఆ మాట అప్పటి నుంచి మిగిలిపోయింది. ఇప్పుడు షాపువాళ్ల అన్‌లాక్ బాక్స్‌తో లాక్ తీయడమంటే ఫోన్‌ను ఖాళీ చేయడమే.

ఇక ఠాణా ముచ్చట. మోసం కేసుల్లో, తప్పిపోయిన పిల్లల కేసుల్లో ఫోన్ తెరవడం దర్యాప్తుకు నిజంగా అవసరమవుతుంది, దానికి చట్టంలో దారి ఉంది. అడగాల్సింది ఆ దారిలో వచ్చారా లేదా అనే. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 2024 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దాని 94వ సెక్షన్ కింద రాతపూర్వక ఆర్డర్‌తో ఫోన్ అప్పగించమనవచ్చు. 185వ సెక్షన్ కింద వారంట్ లేకుండా సోదా చేయాలంటే దర్యాప్తులో ఉన్న కేసు ఉండాలి, కారణం రాతలో ఉండాలి. 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం రెండూ ఆడియో, వీడియో రికార్డ్ కావాలి. 2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద బండ్లు ఆపి వాట్సాప్‌లో గంజాయి అనే మాట వెతికిన వీడియోలు అందరం చూశాం. దారిలో ఆపి "ఫోన్ తెరువు" అనడం పై సెక్షన్లలో ఏదీ కాదు. మర్యాదగానే అడగండి: "సార్, ఏ కేసు? ఆర్డర్ రాసిస్తారా?" గొడవ పడకండి, లాక్కోవడానికి ప్రయత్నించకండి.

పిన్ చెప్పాలా వద్దా అన్న దగ్గర కోర్టులు ఒకేమాట మీద లేవు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ని బలవంతపెట్టరాదని రాజ్యాంగం 20(3) అంటుంది. వేలిముద్ర ఇవ్వడం అలాంటి సాక్ష్యం కాదని సుప్రీంకోర్టు 1961లో కథీ కాలూ ఓఘడ్ కేసులో చెప్పింది. 2021లో కర్ణాటక హైకోర్టు వీరేంద్ర ఖన్నా కేసులో, పాస్‌వర్డ్ ఇవ్వమనడం కూడా 20(3)కి విరుద్ధం కాదంది, సోదా వారంట్ల పద్ధతులు రాసింది. 2022లో ఢిల్లీలోని ప్రత్యేక సీబీఐ కోర్టు పాస్‌వర్డ్‌కు బలవంతపెట్టరాదని, వేలిముద్ర అయితే తీసుకోవచ్చని చెప్పింది. వేలు విషయంలో అందరిదీ ఒకటే దారి, తేడా పిన్ దగ్గరే. ఐటీ చట్టం 69 కింద ఎన్‌క్రిప్షన్ విప్పమని ఆదేశించేది హోం శాఖ కార్యదర్శి స్థాయి. పాటించకపోతే ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఎస్సై నోటిమాటతో 69 రాదు. ఇక్కడ వకీలును పిలవడం ఒక్కటే సరైన పని.

చేయకూడని పని కూడా ఉంది. నోటీసు అందాక ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడం, చాట్లు చెరపడం భారతీయ న్యాయ సంహిత 241 కింద నేరం. లాక్ వేసి ఉంచడం వేరు, సాక్ష్యం చెరపడం వేరు.

పంచనామాలో ఫోన్ మోడల్, రెండు ఐఎంఈఐ నంబర్లు (ఫోన్ గుర్తింపు నంబర్లు), ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, సిమ్, మెమరీ కార్డ్ ఉన్నాయా అన్నవి రాయించండి. ఐఎంఈఐ కోసం స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కొచ్చు, లేదా పెట్టె మీద ఉంటుంది. పెట్టె పారేయకండి. డేటా కాపీ తీశాక హ్యాష్ విలువ అడగండి. అది పొడుగాటి అక్షరాల, అంకెల వరస. తీసిన కాపీలో ఒక్క అక్షరం మారినా ఆ వరస మొత్తం మారిపోతుంది. సాక్ష్య అధినియం 63 కింద ఇచ్చే సర్టిఫికెట్‌లో ఈ విలువ ఉండాలి. కాపీ చేతులు మారాక ఏదైనా కలిసిందా అని తేల్చేది అదే.

ఫోన్ నెలల తరబడి రాకపోతే నాగరిక్ సురక్షా సంహిత 497 లేదా 503 కింద మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయించండి. స్వాధీనం చేసుకున్న వస్తువులు ఠాణాల్లో పదిహేను రోజులు, మహా అయితే నెల దాటి పడి ఉండకూడదని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది, వకీలు దాన్ని చూపిస్తారు. ఫోన్ చేతికొచ్చాక రసీదు మీద సంతకం పెట్టే ముందు ఐఎంఈఐ సరిచూసుకోండి. కేసులో ఆ ఫోన్ ఇంకా అవసరమా అని వకీలును అడిగి, అవసరం లేదంటే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. సెర్బియాలో తిరిగొచ్చిన కొన్ని ఫోన్లలో గూఢచారి యాప్ దొరికింది, చూడటానికి ఫోన్ మామూలుగానే ఉంది. రీసెట్ అయ్యాక గూగుల్ లేదా ఆపిల్ పాస్‌వర్డ్‌ను వేరే ఫోన్ నుంచి మార్చి, వాట్సాప్ లింక్‌డ్ డివైసెస్ అన్నీ తీసేసి, కొత్తగా ఎనిమిదంకెల పిన్ పెట్టండి. చివరి అంకె కొట్టగానే ఓకే నొక్కకుండానే తెరుచుకునే ఆటో కన్ఫర్మ్ టిక్‌ను తీసేయండి, అది పిన్‌లో ఎన్ని అంకెలున్నాయో చూసేవాళ్లకు చెప్పేస్తుంది.